కోతకాల పండుగ, చర్చి పైకప్పు పని: జమా ఖర్చుల వివరణ

సంఘస్తులందరికీ ప్రభువు నామంలో వందనాలు. ఈ ఏడు కోతకాల పండుగకు వచ్చిన కానుకలు, పైకప్పు పనికి అయిన ఖర్చు ఆదివారం ఆరాధన తర్వాత చదివి వినిపించాం. పనుల మీద ఊరు దాటి ఉన్నవాళ్లకు కూడా తెలియాలని ఇక్కడ రాస్తున్నాం.

ముందు జమ. పాత నిల్వ 6,420 రూపాయలు. కృతజ్ఞతార్పణ కవర్లలో 48,700. హైదరాబాద్‌లో ఉన్న మనవాళ్లు ఫోన్‌పేలో పంపినవి 27,000. ప్రథమ ఫలాల (దేవునికని తెచ్చిన మొదటి పంట) వేలంలో చేతికొచ్చినవి 31,850. ఒక గుమ్మడికాయను పాడుకున్నవాళ్లు మళ్లీ దేవునికే ఇచ్చేయడంతో అది మూడుసార్లు వేలానికొచ్చింది, మూడు పాటలూ విడివిడిగా రాశాం. వేలం బాకీ ఇంకా 4,200 ఉంది. పత్తి డబ్బులు అందగానే కడతామన్నారు. అందని డబ్బును జమలో కలపలేదు. వాళ్ల పేర్లు గుడిలో చదవం, ఎవరూ అడగవద్దు.

పిడికెడు బియ్యం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1912లో దోర్నకల్‌కు మొదటి బిషప్ అయిన అజరయ్య గారు, సంఘం ఎంత పేదదైనా తన కానుకల మీదే నిలబడాలని నేర్పారు. చేతిలో రూపాయి ఆడని కూలి ఇళ్లలో ఆ మాట నిలబెట్టింది వంట పెట్టే ముందు తల్లులు పిడికెడు చొప్పున తీసిపెట్టిన ఈ బియ్యమే. ఈసారి స్త్రీల మైత్రి వాళ్లు 182 కిలోలు పోగు చేశారు. అందులో 60 కిలోలు ప్రేమవిందుకు వండాం. మిగతా 122 కిలోలు కిలో 26 రూపాయల చొప్పున అమ్మితే 3,172 వచ్చింది. సన్నబియ్యం, దొడ్డుబియ్యం ఒకే డ్రమ్ములో కలిసిపోవడం వల్ల అంతకంటే ధర పలకలేదు. వచ్చే నెల నుంచి రెండు డ్రమ్ములు పెడుతున్నాం. మొత్తం జమ 1,17,142.

ఖర్చులో పెద్దది పైకప్పు. రేకులు, ఇనుప పైపులు, బోల్టులకు 58,600, వెల్డింగ్ కూలి 9,500, సామాను తెచ్చిన ట్రాక్టర్ కిరాయి 1,800. ప్రేమవిందుకు కూరగాయలు, నూనె, గ్యాస్ కలిపి 14,230. డయాసిస్‌కు (బిషప్ గారి కింద ఉండే సంఘాలన్నిటి పరిపాలనకు) కట్టింది 10,000. పిల్లల పరీక్ష ఫీజులకు, ఒక ఇంటి ఆపరేషన్ ఖర్చుకు సాయంగా 12,000. మొత్తం 1,06,130.

రూపాయల్లోకి రాని కానుకలు కూడా ఉన్నాయి. వైరింగ్ అంతా మన సంఘంలోని ఎలక్ట్రీషియన్ తమ్ముడే కూలి తీసుకోకుండా చేశాడు. పాత రేకులు దించడం, గోడలకు సున్నం వేయడం యువజనులు చూసుకున్నారు. ఒక అక్క పీఠం మీద గుడ్డలన్నీ కొత్తగా కుట్టి ఇచ్చింది. వీటికి ఖరీదు కట్టమని కొందరు సలహా ఇచ్చారు గానీ కమిటీ ఒప్పుకోలేదు. ఎవరు పొందిన కృపావరంతో వాళ్లు ఒకరికొకరు ఉపచారం చేయాలని పేతురు రాసిన పత్రికలో ఉంది. అందుకే లెక్కల పుస్తకంలో వేరే పేజీలో, పని పేరు మాత్రం రాసి పెట్టాం.

దాతలు ఇచ్చిన ఫ్యాన్ల మీద వాళ్ల పేర్లు రాయించే విషయంలోనూ వద్దనే నిర్ణయించాం. కానుకపెట్టె దగ్గర రెండు కాసులు వేసిన విధవరాలి పేరు సువార్తలో లేదు. పదివేలు ఇచ్చినవాళ్లూ, పది రూపాయలు ఇచ్చినవాళ్లూ ఒకే ఫ్యాన్ కింద కూర్చుంటారు. దాతలు కూడా సంతోషంగా ఒప్పుకున్నారు, వారికి మా కృతజ్ఞతలు.

ఇంత విప్పి చెప్పడం ఎందుకని ఒకరిద్దరు పెద్దలు అడిగారు. యెరూషలేము పేదల కోసం పోగైన చందాను పౌలు ఒక్కడే మోసుకెళ్లలేదు. తన జతపనివాడు తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి కూడా పెట్టుకున్నాడు. ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలో కూడా పని సరిగ్గా ఉండాలని కొరింథీయులకు రాశాడు. అంతటి అపొస్తలుడే అలా చేస్తే, డబ్బు మన చేతిలో ఉన్నప్పుడు ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి?

నిల్వ 11,012 రూపాయలు సంఘం పేరున బ్యాంకులో వేశాం. తీయాలంటే పాస్టర్ అయ్యగారి సంతకం, కోశాధికారి సంతకం రెండూ ఉండాలి. బిల్లులు, రసీదు పుస్తకాలు వచ్చే రెండు ఆదివారాలు ఆరాధన తర్వాత బల్ల మీద పెడతాం. ఎవరి రసీదులోనైనా తేడా కనిపిస్తే అక్కడే చెప్పండి, సరిచూస్తాం.

— సంఘ కమిటీ