“మాట పడిపోయింది” అని రాసే ముందు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. పక్షవాతంతో ఆసుపత్రిలో చేరిన మా నాన్నగారి కేస్ షీటులో “మాట పడిపోయింది, చెప్పింది అర్థం కావడం లేదు” అని ఒక వైద్యుడు రాశారు. మొదటి సగం కొంతవరకు నిజం, రెండో సగం పూర్తిగా తప్పు. అలా రాసిన మూడో రోజున నాన్నగారు ఎడమ చేత్తో, వంకర అక్షరాలతో “నాకు అన్నీ తెలుస్తున్నాయి” అని కాగితం మీద రాసి చూపించారు. ఆ మూడు రోజులూ ఆయన మంచం పక్కనే నిలబడి మేము ఏమేమి మాట్లాడుకున్నామో తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆయనకు వచ్చినది అప్రాక్సియా ఆఫ్ స్పీచ్. అఫేసియాలో భాషే దెబ్బతింటుంది. డిసార్త్రియాలో కండరాలు బలహీనపడి మాట ముద్దగా వస్తుంది. అప్రాక్సియాలో చెప్పదలచిన మాట మనసులో ఉంటుంది, నాలుకకూ పెదవులకూ బలం ఉంటుంది, కానీ ఏ కదలిక తరువాత ఏది రావాలో మెదడు వేసే కూర్పు తప్పుతుంది. మాట లోపాలను పరిశోధించిన అమెరికన్ నిపుణుడు ఫ్రెడరిక్ డార్లీ 1960ల చివరలోనే దీనికి ఈ పేరు పెట్టి, మిగతా రెండింటి నుంచి వేరు చేసి చూపారు. ఒకే రోగిలో ఇవి కలగలిసి ఉండడం సాధారణం కనుక పోల్చుకోవడం కష్టమేనని ఒప్పుకుంటాను. కష్టం గనుకనే తెలిసినవారు చూడాలి.

నాన్నగారు “తాళం” అనగలరు, “తాళంచెవి” దగ్గర ఆగిపోతారు. పెదవులు ముడుచుకుని విచ్చుకుంటాయి, నాలుక పళ్ల వెనక తడుముకుంటుంది, “తా... చా... తాలం” అని వస్తుంది, అది తప్పని తెలిసి ఆయనే తల అడ్డంగా ఊపుతారు. ఒకటి నుంచి ఇరవై వరకు మాత్రం గడగడా చెబుతారు. ఏడు ఒక్కటే చెప్పమంటే మళ్లీ ఒకటి దగ్గర మొదలుపెట్టాలి. ఇది చూసి “కావాలనే మాట్లాడడం లేదు” అన్నవారున్నారు. నోటికి పట్టిన మాటలు తేలిగ్గా వచ్చి, అప్పటికప్పుడు కూర్చుకోవలసినవి రాకపోవడం ఈ రుగ్మత లక్షణమే.

అయ్యా, మాటలో తేడా వచ్చిన ప్రతి పక్షవాత రోగినీ ఇంటికి పంపే ముందే స్పీచ్ థెరపిస్ట్ పరీక్షించాలని నియమం పెట్టండి. రాయించి, బొమ్మలు చూపించి, సైగలు అడిగి చూడకుండా రోగి గ్రహణశక్తి గురించి ఎవరూ తీర్పు రాయకూడదని ఆదేశించండి. తల ఊపడం కూడా కొందరికి తడబడుతుంది కనుక ఒక్క పద్ధతితో సరిపెట్టకూడదు. కేస్ షీటులోని ఆ ఒక్క వాక్యాన్ని ఆధారం చేసుకునే నాన్నగారి ఆపరేషన్ సమ్మతి పత్రం మీద ఆయనను అడగకుండా నా చేత సంతకం పెట్టించారు.

చికిత్స కూడా నెలకొకసారి కలిసి మాట్లాడితే తీరేది కాదు. థెరపిస్ట్ నోటిని చూస్తూ, వేలితో లయగా తడుతూ, ఒకే మాటను వందలసార్లు పలకాలి. పక్షవాతం లేకుండానే, మెదడు కణాల క్షీణతతో మెల్లగా మొదలై ముదిరే రకం కూడా ఉంది. వారికి మాట పూర్తిగా పోకముందే బొమ్మల పలకలో, మాట్లాడే యంత్రాలో అలవాటు చేయించాలి.

పంపే ముందు ఈ లేఖను నాన్నగారికి చదివి వినిపించాను. నేను “పది వరకు” అని రాసిన చోట కొట్టివేసి “ఇరవై” అని ఆయనే దిద్దారు.

భవదీయురాలు,
ఒక రోగి కుమార్తె