ఫిల్టర్‌లో రిక్వెస్ట్ మాయమైన గొడవ తేల్చిన అన్నయ్యగారికి థాంక్సండీ

భీమవరం నుంచి ఫోన్లోనే సాయం చేసిన అన్నయ్యగారికి చాలా చాలా థాంక్సండీ. పేరు పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టట్లేదు గానీ సంగతి మాత్రం రాస్తున్నా, జాంగో ఫిల్టర్ (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే జాంగోకి, డేటాని వడకట్టి చూపించే లైబ్రరీ) వాడేవాళ్ళకి ఎవరికైనా ఇది తగలొచ్చు.

అంబాజీపేటలో ఒక కొబ్బరి షావుకారుగారికి చిన్న వెబ్‌సైట్ చేస్తున్నాం, ఏ రైతు దగ్గర్నుంచి ఎన్ని వేల కాయలొచ్చాయి, నీటికాయ ఎంత, కురిడీలో (ఎండు కొబ్బరికాయ) గండేరా రకం ఎంత గటగట రకం ఎంత, ఏ లారీకెక్కింది, అన్నీ అందులోనే. ఒక్కో గుమస్తాకి కొందరు రైతులు, ఎవరి రైతుల లెక్క వాళ్ళకే కనపడాలి. అందుకని రైతు డ్రాప్‌డౌన్‌కి క్వెరీసెట్ (డేటాబేస్‌లోంచి తెచ్చే జాబితా) బదులు ఒక ఫంక్షన్ ఇచ్చాం, అది రిక్వెస్ట్‌లో (బ్రౌజర్ నుంచి సర్వర్‌కి వచ్చే అభ్యర్థన) యూజర్‌ని చూసి ఆ రైతుల్నే ఇస్తుంది, రిక్వెస్ట్ లేకపోతే ఖాళీ ఇస్తుంది. లిస్టు పేజీలో బ్రహ్మాండంగా ఉంది. ఎక్సెల్ డౌన్‌లోడ్ దగ్గర మాత్రం ఒక రైతుని ఎంచుకుని నొక్కితే అందరి లెక్కలూ దిగిపోతున్నాయి! ఎర్రర్ లేదు, యూఆర్‌ఎల్‌లో రైతు నంబరు చక్కగానే ఉంది. షావుకారుగారేమో "ఒకడి రేటు ఇంకోడికి తెలిస్తే రేపు మన కొట్టుకి ఎవడొస్తాడయ్యా" అని ఒకటే గోల.

అన్నయ్యగారు కోడంతా పంపమనలేదు. "ఆ ఫంక్షన్ మొదటి లైన్లో రిక్వెస్ట్‌ని ప్రింట్ పెట్టి రెండు పేజీలూ తెరువు తమ్ముడూ" అన్నారంతే. లిస్టుకి రిక్వెస్ట్ పడింది, డౌన్‌లోడ్‌కి నన్ (None, అంటే ఏమీ లేదని) అని పడింది. లిస్టు పేజీ జాంగో ఫిల్టర్‌లో రెడీగా ఉండే ఫిల్టర్‌వ్యూ (వ్యూ అంటే పేజీకి జవాబు తయారుచేసే కోడు) కాబట్టి రిక్వెస్ట్‌ని అదే అందిస్తుంది, రెస్ట్ ఫ్రేమ్‌వర్క్‌కి (జాంగోలో ఏపీఐలు కట్టే లైబ్రరీ) పెట్టే ఫిల్టర్ బ్యాకెండ్ కూడా అంతే. డౌన్‌లోడ్ చేత్తో రాసిన మామూలు వ్యూ, అందులో ఫిల్టర్‌సెట్‌కి (మన ఫిల్టర్లన్నీ ఉండే క్లాసు) రిక్వెస్ట్ డాట్ గెట్, క్వెరీసెట్ ఇచ్చి వదిలేసి ఉంది. గెట్ ఇస్తే రిక్వెస్ట్ ఇచ్చినట్టే అనిపిస్తుంది గానీ కాదండి, గెట్‌లో ఉండేది యూఆర్‌ఎల్‌లో ప్రశ్నార్థకం తర్వాత ముక్కలే, యూజర్ ఉండేది రిక్వెస్ట్‌లో. రిక్వెస్ట్ అనే పేరుతోనే ఇంకో ఆర్గ్యుమెంట్ ఇచ్చాక సరైపోయింది.

ఇంకెవరైనా అయితే అక్కడితో ఫోన్ పెట్టేసేవారు. ఈయన "డ్రాప్‌డౌన్ ఖాళీ అయితే షీటూ ఖాళీగా రావాలిగా, అందరిదీ ఎందుకొచ్చింది?" అని ఆయనే అడిగి ఆయనే చెప్పారు. డ్రాప్‌డౌన్ ఖాళీ అయ్యేసరికి మనం పంపిన రైతు నంబరు చెల్లని ఆప్షన్ అయింది, ఫారం దాన్ని క్లీన్డ్ డేటాలోంచి (సరిచూశాక చెల్లిన విలువలు) తీసేసింది, ఫిల్టర్‌సెట్ ఏమో క్లీన్డ్ డేటాలో మిగిలినవాటితోనే వడకడుతుంది, కాబట్టి రైతు ఫిల్టర్ అసలు పడనే లేదు. ఫిల్టర్‌వ్యూలో స్ట్రిక్ట్ అనే సెట్టింగు మార్చకపోతే ట్రూగానే ఉంటుంది, ఫారం చెల్లకపోతే ఖాళీ లిస్టే వస్తుంది. చేత్తో రాసేచోట ఫారం చెల్లిందో లేదో ఈజ్ వ్యాలిడ్‌తో మనమే చూసుకోవాలి. అసలు రైతుని ఎంచుకోకుండా నొక్కితే ఏమవుతుందో చూశావా అన్నారు, చూస్తే రిక్వెస్ట్ ఇచ్చాక కూడా అందరిదీ దిగింది! అందుకని లోపలికిచ్చే క్వెరీసెట్‌నే ముందు యూజర్‌ని బట్టి కుదించి, ఆ తర్వాతే ఫిల్టర్‌కి ఇమ్మన్నారు. నన్నడిగితే ఈ ముక్కే అన్నిటికంటే విలువైనది.

రోజూ రాత్రి మెయిల్‌లో వెళ్ళే రిపోర్టుకి అసలు రిక్వెస్టే ఉండదు, దానికి యూజర్‌ని విడిగా అందించుకోవాలట, ఈ వారం అది మొదలెడతా. కుదరకపోతే మళ్ళీ మీకే ఫోను అన్నయ్యా, విసుక్కోకండేం.