వైఫై పక్కన పెట్టిన ప్లేటు

విజయనగరం,
ఆదివారం

ఒరే సూర్యం,

నీ ఉత్తరం అందింది. మీ గుంటలకి ఏ పురుగు తొలిచిందోగాని ప్రశ్న మాత్రం గట్టిదే పట్టారు. వైఫై తరంగాలు తగిలిన బాక్టీరియా యాంటీబయాటిక్‌కి లొంగకుండా పోతుందా అని. నవ్వి తీసిపారేయకు. దీనిమీద పేపర్లు వచ్చాయి, కొన్ని 'మార్పు ఉంది' అనే తేల్చాయి. చిక్కేటంటే ఇది మైక్రోబయాలజీ వాళ్లొక్కరే చేసుకుపోయే పని కాదు. మైక్రోవేవ్ తెలిసినవాడు ఒకడు కావాలి. స్కేలు పట్టుకున్న మనిషి కన్ను ఎలా మోసపోతుందో తెలిసినవాడు ఇంకొకడు కావాలి. ఈ మూడింట్లో ఏది వదిలేసినా జోనులో, అంటే మందు బిళ్ల చుట్టూ బాక్టీరియా పెరగని వలయం కొలతలో, రెండు మిల్లీమీటర్ల తేడా రావడం పెద్ద కష్టం కాదు. ఆ తేడాకీ వైఫైకీ మాత్రం సంబంధం ఉండదు.

ముందుగా, రూటరు వద్దురా. దాని అడాప్టరు మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని రాసి ఉంటుంది చూడు. అంటే 12 వాట్ల దాకా మింగగలదు. అందులో మైక్రోవేవ్‌గా బయటికి పోయేది 0.1 వాట్, అటూ ఇటూగా. మిగతాదంతా వేడే. బాక్టీరియా పెంచే ప్లేటుని రూటరుకి ఆనించి పెట్టారంటే మీరు చేస్తున్నది వేడి ప్రయోగం, పేరు మాత్రం వైఫై ప్రయోగం. ఒక్కసారి లెక్క కట్టి చూడు. ఆ 100 మిల్లీవాట్లూ అన్ని దిక్కులకీ సమానంగా పోతే, 25 సెంటీమీటర్ల దూరంలో చదరపు మీటరుకి 0.127 వాట్ పడుతుంది. 9 సెంటీమీటర్ల ప్లేటు మీద పడేది 0.8 మిల్లీవాట్. ప్లేటులో 25 మి.లీ. అగార్ (బాక్టీరియా పెరిగే జెల్లీ) ఉంటే, అది ఒక డిగ్రీ వేడెక్కడానికి దాదాపు 105 జౌళ్లు కావాలి. పడిందంతా పీల్చుకుని, కాస్త కూడా బయటికి వదలకపోయినా గంటకి 0.03 డిగ్రీ పెరగదు. కాబట్టి ప్లేటు రెండు డిగ్రీలు పెరిగిందంటే అది రూటరు పెట్టె వేడే, తరంగాల పుణ్యం కాదు.

రెండో తంటా ఉంది. పని లేనప్పుడు రూటరు 102.4 మిల్లీసెకన్లకొకసారి బీకన్ (నేనున్నానని చెప్పే చిన్న సంకేతం) పంపి ఊరుకుంటుంది, మధ్యలో దాదాపు మౌనమే. 'ఆరు గంటలు వైఫై తగిలింది' అని రాసుకుంటే అందులో అసలు తగిలింది ఎంతో ఎవడికీ తెలీదు. పోనీ యాంటెన్నా తీసేసి డమ్మీ లోడు (పవరుని తరంగంగా వదలకుండా మింగేసే రెసిస్టరు) పెట్టి ఉత్తుత్తి రూటరు తయారుచేద్దామా అంటే, లాప్‌టాప్ దానికి సరిగా కనెక్ట్ అవదు, డేటా నడవదు, రూటరు చల్లబడిపోతుంది. అసలుదీ ఉత్తుత్తిదీ ఒకే వేడిలో ఉండవు. ఇంక పోల్చడానికేం మిగిలింది?

అందుకని మీ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వాళ్లని బతిమాలి 3 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లే సిగ్నల్ జనరేటరు, ఒక చిన్న ఆంప్లిఫయరు అరువు తెచ్చుకో. వాళ్ల లాబ్‌లో ఉండే క్లైస్ట్రాన్ బెంచో, గన్ డయోడ్ బెంచో చూపించి 'ఇదీ మైక్రోవేవే కదా' అంటారు, ఒప్పుకోకు. అవి ఎక్స్ బ్యాండ్‌వి, 10 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి, తరంగం పొడవు 3 సెంటీమీటర్లు. మనకి కావలసింది 2.45 గిగాహెర్ట్జ్, 12.2 సెంటీమీటర్లు. ఇంకో మాట. వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ విప్పుదామని ఏ హుషారు గుంటడైనా అంటే వీపు మీద ఒకటి వెయ్యి. అందులో తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్‌కి 4000 వోల్టుల దాకా వెళ్తుంది, ప్లగ్గు పీకేశాక కూడా కెపాసిటర్ ఛార్జి పట్టుకునే ఉంటుంది.

యాంటెన్నా మీరే చేసుకోవచ్చు. 1.6 మి.మీ. మందం ఎఫ్ఆర్4 (సర్క్యూట్లకి వాడే ఫైబర్) బోర్డు మీద, డైఎలక్ట్రిక్ విలువ 4.4 అనుకుంటే, ప్యాచ్ (యాంటెన్నాగా పనిచేసే రాగి రేకు) వెడల్పు 37.3 మి.మీ., పొడవు 28.8 మి.మీ. వస్తుంది. కాని బజార్లో దొరికే ఎఫ్ఆర్4 అన్నిసార్లూ 4.4 ఉండదు. 4.2 ఉండొచ్చు, 4.7 ఉండొచ్చు. ప్యాచ్ బ్యాండ్‌విడ్తేమో సన్నం. అందుకని పొడవు ముందే ఒక మిల్లీమీటరు ఎక్కువ ఉంచి, తర్వాత ఆకురాయితో కొద్దికొద్దిగా రాయండి. పొడవు ఒక మిల్లీమీటరు తగ్గితే ఫ్రీక్వెన్సీ 80 మెగాహెర్ట్జ్ పైచిలుకు పెరుగుతుంది. అరగదీసింది మళ్లీ అతకదు కాబట్టి నిదానం. చూసుకోడానికి నానోవీఎన్ఏ (యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీకి పలుకుతుందో కొలిచే చిన్న యంత్రం) కొంటే మాత్రం జాగ్రత్త, చవక రకాలు 1.5 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతాయి. 3 గిగాహెర్ట్జ్ దాకా కొలిచే వీ2 తీసుకో. ప్రతిసారీ కేబులు చివర ఓపెన్, షార్ట్, లోడ్ మూడూ పెట్టి కాలిబ్రేట్ చేశాకే చదవాలి.

కేబుల్ దగ్గర రెండు ఉచ్చులున్నాయి. ఆర్‌జీ-58 కేబులు ఈ ఫ్రీక్వెన్సీలో మీటరుకి దాదాపు ఒక డెసిబెల్ తినేస్తుంది. మూడు మీటర్లు లాగితే సగం పవరు దారిలోనే గోవిందా. రెండోది, రూటరు యాంటెన్నాలకి ఉండేది ఆర్‌పీ-ఎస్‌ఎంఏ కనెక్టరు. మామూలు ఎస్‌ఎంఏ సాకెట్టుకి మర చక్కగా ఎక్కుతుంది, లోపల రెండువైపులా గుంతలే, పిన్ను ఉండదు. అంతా బిగించినట్టే ఉంటుంది, సిగ్నల్ మాత్రం ఆంప్లిఫయరు మీదకే తిరిగొస్తుంది.

ఇంక అమరిక. ఇంక్యుబేటర్లో పెట్టి తరంగాలు కొట్టొద్దు. అది ఇనప పెట్టె, గోడలకి తగిలి తరంగాలు వెనక్కొచ్చి నిలబడిపోతాయి. 6 సెంటీమీటర్లకొక చోట దాదాపు సున్నా, మధ్యలో జోరు. ఒకే ప్లేటులో ఒక మూల తగులుతుంది, ఇంకో మూల తగలదు. థర్మాకోల్ పెట్టెలు రెండు తెచ్చుకో, థర్మాకోల్‌ని మైక్రోవేవ్ దాదాపు ఏమీ లేనట్టే దాటిపోతుంది. ఒక్కోదాన్లో ఒక యాంటెన్నా, దానికి 25 సెంటీమీటర్ల దూరంలో 10 మి.లీ. న్యూట్రియంట్ బ్రాత్ కల్చర్ (పోషక ద్రవంలో పెరిగే బాక్టీరియా) ఉన్న ప్లాస్టిక్ ట్యూబులు. పెట్టెల మధ్య కనీసం మూడు మీటర్లు, యాంటెన్నాలు ఎడమొగం పెడమొగంగా. ఒక కేబులు ఆంప్లిఫయరుకి, రెండోది 50 ఓమ్ డమ్మీ లోడుకి. ఆంప్లిఫయరు దూరంగా బల్ల మీదే ఉంటుంది గనక దాని వేడి పెట్టెల జోలికి రాదు. టెంపరేచర్ చూడ్డానికి థర్మోకపుల్ లోపల పెట్టి వదిలేస్తే దాని తీగే యాంటెన్నా అయి తప్పుడు అంకె చూపిస్తుంది. స్విచ్ ఆపేసి, వెంటనే ట్యూబులో ముంచి చదవండి.

ఇప్పుడు బాక్టీరియా. నాగావళి నీళ్లలోంచో, ఆస్పత్రి కాలవలోంచో పట్టుకొస్తామంటే ససేమిరా వద్దను. ఏముందో తెలీని దాన్ని కాలేజీ గదిలో కోట్లలో పెంచడం ప్రమాదం, పైగా దాని మామూలు జోను ఎంతో తెలీకుండా మార్పు ఎలా చెప్తారు? ఏటీసీసీ (అమెరికాలోని బాక్టీరియా భాండాగారం) వాళ్ల 25922 నంబరు ఈ.కోలై తెప్పించు. ప్రపంచమంతా కంట్రోలుగా వాడేది అదే.

పద్ధతి కర్బీ-బావర్, అంటే బాక్టీరియా పూసిన అగార్ మీద మందు పట్టించిన కాగితపు బిళ్లలు (డిస్కులు) పెట్టి జోను కొలవడం. ముల్లర్-హింటన్ అగార్ లీటరుకి 38 గ్రాములు, పీహెచ్ 7.2 నుంచి 7.4. ప్లేటులో 4 మి.మీ. మందం ఉండాలి, 9 సెంటీమీటర్ల ప్లేటుకి 25 మి.లీ. పోస్తే సరిపోతుంది. బల్ల వాలుగా ఉంటే ఒకవైపు పల్చన, ఒకవైపు మందం. పల్చనైన చోట జోను పెద్దది, మందమైన చోట చిన్నది. బల్ల మీద లెవెల్ పెట్టి చూసుకున్నాకే పొయ్యమను.

మెక్‌ఫార్లండ్ 0.5 ప్రమాణం (బాక్టీరియా ఎంత చిక్కగా ఉందో పోల్చుకునే మబ్బు ద్రావణం) మీరే కలుపుకోవచ్చు. 1.175 శాతం బేరియం క్లోరైడ్ 0.05 మి.లీ., 1 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం 9.95 మి.లీ. 625 నానోమీటర్ల దగ్గర అబ్జార్బెన్స్ 0.08, 0.13 మధ్య రావాలి. కల్చర్ని ఆ మబ్బుకి సరిపడా సెలైన్‌తో పల్చన చేసి, 15 నిమిషాల్లోపు స్వాబ్‌తో మూడు దిక్కుల్లో రాసెయ్యాలి, ప్రతిసారీ ప్లేటు 60 డిగ్రీలు తిప్పుతూ. చిక్కగా ఉంటే జోను చిన్నదైపోతుంది. అసలీ ప్రయోగంలో దొంగ ఫలితం ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. ఒక పెట్టెలో కల్చర్ కాస్త ఎక్కువ పెరిగి, దాన్ని సరిగ్గా సరిచెయ్యకపోతే 'నిరోధకత వచ్చింది' అని గంతులేస్తారు. అందుకే మబ్బు కంటితో వద్దు, స్పెక్ట్రోఫొటోమీటరుతోనే.

డిస్కుల సంగతి మన తీరానికి ప్రత్యేకం. ఫ్రిజ్‌లోంచి తీసిన వయల్ గది వేడికి వచ్చేదాకా మూత తియ్యొద్దు. మన ఉక్కపోతలో తీశారంటే చల్లటి డిస్కుల మీద చెమ్మ పట్టేస్తుంది, బీటా-లాక్టమ్ (పెన్సిలిన్, సెఫొటాక్సిమ్ తరహా) మందులు చెమ్మకి చెడిపోతాయి. డిస్కుకీ డిస్కుకీ నడుమ 24 మి.మీ., తర్వాత ప్లేటు బోర్లించి 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు. రాత్రి కరెంటు పోయి ఇంక్యుబేటర్ చల్లారితే ఆ పూట ప్లేట్లు లెక్కలోకి తియ్యొద్దు. ఏమీ తగలని కల్చర్‌కి జెంటామైసిన్ 10 మైక్రోగ్రాముల జోను 19–26 మి.మీ., సెఫొటాక్సిమ్ 30 మైక్రోగ్రాములది 29–35 మి.మీ. రావాలి. రాలేదా, ఆ రోజు పని మొత్తం చెత్తబుట్టకే. కొలిస్టిన్ డిస్కు అడుగుతారేమో, అది పెద్ద అణువు, అగార్లో సరిగా పాకదు, డిస్కుతో తేలదు.

ఒక మాట వాళ్ల బుర్రలోకి ఎక్కించు. జోను 32 నుంచి 30కి తగ్గితే అది నిరోధకత కాదు. సెఫొటాక్సిమ్‌కి 26, ఆపైన ఉంటే మందు పనిచేస్తున్నట్టే, 22, ఆ లోపు అయితేనే లొంగనట్టు. నిజంగా మారిందని చెప్పాలంటే ఆ బాక్టీరియాని తరంగాలేమీ లేకుండా మామూలు అగార్ మీద కొన్ని తరాలు పెంచి మళ్లీ పరీక్షించాలి. ఎన్‌డీఎం-1 లాంటి నిరోధక జన్యువు ప్లాస్మిడ్ (బాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ ఉంగరం) ఎక్కి ఒకదాన్నుంచి ఇంకోదానికి దాటుతుంది, సంతతికి దక్కుతుంది. పాత కొలతకే తిరిగొచ్చేస్తే అది అప్పటికి పడ్డ ఒత్తిడి మాత్రమే.

సరే, స్కేలు పట్టే మనిషి. జోను అంచు గీత గీసినట్టు ఉండదు, ట్రైమెథోప్రిమ్ లాంటివాటికి మరీ మసక. 'ఇది వైఫై ప్లేటు' అని తెలిసినవాడు ఆ మసకలో తనకి కావలసిన చోటే ఆగుతాడు. అబద్ధం చెప్పడు, అలాగే కనిపిస్తుంది. 1963లో రోసెంతాల్, ఫోడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 12 మంది విద్యార్థులకి తలా ఐదు ఎలుకలిచ్చి, కొందరితో 'ఇవి తెలివైనవి' అనీ, కొందరితో 'ఇవి మొద్దువి' అనీ చెప్పారు. ఎలుకలన్నీ ఒక్క రకమే. తెలివైనవన్న పేరు పెట్టినవి బాగా పరిగెత్తినట్టు లెక్కలొచ్చాయి. కాబట్టి ప్లేట్ల మీద కోడు నంబర్లే ఉండాలి, ఇద్దరు విడివిడిగా వెర్నియర్‌తో 0.1 మి.మీ. దాకా కొలవాలి. తర్వాత చివరి అంకెలు లెక్కపెట్టు. 0, 5 కుప్పలుగా ఉంటే ఉజ్జాయింపుగా రాస్తున్నారని అర్థం.

ఎన్ని ప్లేట్లు? ఒకే రకం ప్లేట్ల కొలతల్లో మామూలుగా వచ్చే తేడా 1.5 మి.మీ. ఉందనుకుని 2 మి.మీ. మార్పు పట్టాలంటే వైపుకి 9, 1 మి.మీ. పట్టాలంటే 36. ఒకే ట్యూబు నుంచి 36 ప్లేట్లు పూసేసి 36 అనకూడదు, అది ఒకటే. వేర్వేరు రోజులు, వేర్వేరు కల్చర్లు. మందులు ఐదు, సమయాలు నాలుగు, బాక్టీరియాలు రెండు అంటూ పెంచుకుంటే 40 పోలికలవుతాయి, అందులో రెండు (నూటికి ఐదు లెక్కన) ఊరికే 'తేడా' చూపిస్తాయి. రెండు మందులు, ఒక సమయం చాలు.

సెల్ టవరు కింద తలనొప్పుల సర్వే కూడా చేస్తామన్నారట. 2013లో ఒక ప్రయోగంలో 147 మందిని ఉత్తుత్తి వైఫై దగ్గర 15 నిమిషాలు కూర్చోబెట్టారు. తరంగం అసలు లేదు, అయినా సగానికి పైగా మంది ఏదో ఒక బాధ దానివల్లే వచ్చిందన్నారు. ముందుగా వైఫై కీడు గురించి సినిమా చూసినవాళ్లలో ఆందోళన ఎక్కువున్నవారికి మరీ ఎక్కువ. 'టవరు పెట్టాక తలనొప్పి వస్తందా అమ్మా?' అని అడిగితే జవాబు ప్రశ్నలోనే ఉన్నట్టు. 'ఈ వారం ఒంట్లో ఎలాగుంది?' అని అడగమను, టవరు మాట చివర్న.

పని అయ్యాక ప్లేట్లన్నీ ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి దగ్గర అరగంట ఉంచాకే పారెయ్యాలి.

ఏ రోజు ఏ పెట్టెకి కేబులు తగిలించాలో బొమ్మా బొరుసా వేసి నువ్వొక్కడివే మార్చు, అట్ట అడ్డం పెట్టుకుని. ఆ జాబితా కవర్లో అంటించి నాకు పోస్టు చేసెయ్, నీ దగ్గర వద్దు, నీ మొహం చూస్తే గుంటలకి తెలిసిపోతుంది. కొలతలన్నీ పెన్నుతో నోటుబుక్కులోకి ఎక్కించి ఫొటోలు పంపేదాకా నేను కవరు విప్పను.

నీ
రాజు