డాక్టరు గారు దొరికారు సరే...

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ బెంగళూరు పేజీలో ఆ డాక్టరు గారి ఫొటో వేసి ‘ఇదేం హిపోక్రసీ?’ అని శీర్షిక పెట్టారు. పొద్దున బడిపిల్లలకు పొగ తాగొద్దని చెప్పి, సాయంత్రం టీకొట్టు దగ్గర సిగరెట్ కాల్చారట. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ ఆయన్ని ఉతికి ఆరేస్తూనే ఉన్నారు. ఇంగ్లిష్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కదా, ఊరుకోలేక రాస్తున్నాను.

గ్రీకులో ఆ మాటకు మూలం రంగస్థలం మీద నటించడం. తనలో లేని మంచితనం ఉన్నట్టు వేషం కట్టి జనాన్ని నమ్మించేవాడే హిపోక్రైట్. ఆ డాక్టరు తనకు అలవాటు లేదని పిల్లలతో అన్నారా? మానలేకపోతున్నారు, అంతే. తాను పాటించలేని మంచిని నిజాయితీగా చెప్పేవాడి మీద ఆ నింద వేయడం అన్యాయమని, తర్వాత ఇంగ్లిష్ నిఘంటువు కూర్చిన శామ్యూల్ జాన్సన్ 1750లోనే రాశాడు. టీవీ చర్చల్లో మరీ ఘోరం. అభిప్రాయం మార్చుకుంటే హిపోక్రసీ, మాట తడబడితే హిపోక్రసీ, ఎదుటి పార్టీవాడు తుమ్మినా హిపోక్రసీయే!

అసలు సిసలుది చూడాలంటే కిందటి నెల మా వార్డులో ప్లాస్టిక్ నిషేధం సభకు రావాల్సింది. కర్ణాటకలో కవర్లతో పాటు ఫ్లెక్సీలనూ, థర్మాకోల్‌నూ 2016లోనే నిషేధించారు. ఆ వేదిక వెనక గోడంత ఫ్లెక్సీ! దాని మీద ‘ప్లాస్టిక్‌ను తరిమికొడదాం’ అని రాత. ముందు వరస పెద్దలకు థర్మాకోల్ ప్లేట్లలో కేసరిబాత్. చెప్పేవి శ్రీరంగ నీతులు! మర్నాడు అదే సార్లు వీధిలోకి దిగి, మదనపల్లె వైపు నుంచి వచ్చి బండి మీద జామకాయలు అమ్ముకునే ఆమె దగ్గర కవర్ల కట్ట లాక్కుని ఫైన్ రాశారు. “కవరు ఇయ్యకుంటే ఎవురూ కొనరు సార్” అని ఆమె మొత్తుకున్నా వినలేదు. చెత్తబండి వేళకు రాదని మేం మొత్తుకున్నప్పుడు మాత్రం ఈ సార్లలో ఒక్కరూ ఫోనెత్తరు.

ఆ సభను మీరు ‘అవగాహన సదస్సు’ అంటూ ఫొటోతో సహా వేశారు. అందులో ఫ్లెక్సీ అక్షరం అక్షరం చదవొచ్చు. ఈ ఇంగ్లిష్ మాట మీ వాళ్లకు అప్పుడు గుర్తుకు రాలేదు పాపం. డాక్టరు గారికి క్షమాపణ చెప్పమని అడగను. ఆ ఫ్లెక్సీ ఎవరు వేయించారో, దానికి ఫైన్ ఎవరు కట్టారో మీ విలేకరిని పంపి కనుక్కుని అదే పేజీలో వేయండి.

– ఒక రిటైర్డ్ లెక్చరర్, బెంగళూరు