మన కళాశాల సిబ్బంది ఆరోగ్యం గురించి

గౌరవనీయులైన అధ్యాపక, అధ్యాపకేతర మిత్రులందరికీ నమస్కారం.

గత వారం స్టాఫ్ రూమ్‌లో బీపీ చూసుకున్నప్పుడు, ఏ ఇబ్బందీ లేదనుకున్నవారిలోనూ ఇద్దరికి రీడింగు 140/90 దాటింది. అధిక రక్తపోటుకు చాలాసార్లు లక్షణాలేవీ కనిపించవు కాబట్టి, ఒక్క రీడింగుకే కంగారు పడకుండా, అలాగని వదిలేయకుండా, మరో రెండు మూడు రోజులు చూసుకుని డాక్టరును కలవాలని కోరుతున్నాను. బీపీ మిషన్ ఇకపై స్టాఫ్ రూమ్ బీరువాలోనే ఉంటుంది.

గొంతు విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఫ్యాన్ల చప్పుడును మించి వరుసగా మూడు పీరియడ్లు పాఠం చెప్పి, సాయంత్రానికి గొంతు బొంగురుపోయినా వేడినీళ్లతో సరిపెట్టుకుంటున్నాం. గొంతుకు కావలసింది విశ్రాంతి, మధ్యమధ్యలో గుక్కెడు నీళ్లు. బొంగురు మూడు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు తప్పక చూపించుకోవాలి. అయితే పై అంతస్తులో టాయిలెట్‌కు తాళం వేసి ఉంటుందని కొందరు మేడమ్‌లు నీళ్లు తాగడమే తగ్గించుకున్నారని తెలిసి నాకు చాలా బాధ కలిగింది. ఆ తాళం తీయించి, రోజూ శుభ్రం చేయించమని, పెద్ద సెక్షన్లకు మైకు ఇప్పించమని ప్రిన్సిపాల్ గారికి రాస్తున్న వినతిపత్రంలో అందరూ సంతకం చేయగలరు. పొద్దున్నే వచ్చి గదులన్నీ తెరిచే అటెండర్లకు వరండాలో కుర్చీలు వేయించాలన్న మాట కూడా అందులో చేర్చాను.

మనసు బాగోలేనివారు 14416కు ఫోన్ చేసి, టెలీ మానస్ కౌన్సెలర్లతో తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ సేవ రాత్రింబవళ్లు అందుబాటులో ఉంటుంది.