దుమ్ము దులిపాక కంప్యూటర్ ఆన్ కాలేదా? బోర్డు మార్చే ముందు ఇవి చూడండి

సంపాదకులకు నమస్కారం.

దసరా దగ్గర పడింది. ఆయుధ పూజకని ఆఫీసుల్లో, బడుల్లో, ఇంటర్నెట్ సెంటర్లలో కంప్యూటర్ల దుమ్ము దులుపుతారు. ఆ వెంటనే రిపేరు షాపులకు సీపీయూలు వరుస కడతాయి. 'క్లీన్ చేశాం, ఇక ఆన్ కావట్లేదు' అన్నదే అందరి మాటా. వీటిలో చాలావాటికి ఏదీ కాలిపోయి ఉండదు. బ్రష్షో బ్లోయరో తగిలి ఓ వైరు ఊడి ఉంటుంది, లేదా ర్యామ్ (బోర్డు గాడిలో దిగే మెమరీ పట్టీ) కాస్త పైకి లేచి ఉంటుంది. అది చూడకుండానే 'మదర్‌బోర్డు పోయింది' అని, అంటే లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డే పాడైందని చెప్పి, వేలకు వేలు బిల్లు వేసే చోట్లూ ఉన్నాయి. ఇంట్లోనే చూసుకోదగ్గ పనికి అంత డబ్బు వదలడం అన్యాయం. అందుకే ఈ ఉత్తరం.

ముందు అది మొండికేసిన తీరు గమనించాలి. బటన్ నొక్కినా లైటు వెలగక, ఫ్యాను తిరగకపోతే ఎస్‌ఎంపీఎస్ (కరెంటు ప్లగ్ వైరు తగిలించే, లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా) దగ్గర మొదలుపెట్టండి. దాని వెనక ఉండే చిన్న స్విచ్, గుడ్డతో తుడిచేటప్పుడు సున్నా గుర్తు వైపు పడిపోతుంది. గీత గుర్తు వైపు వేయాలి. పాత ఎస్‌ఎంపీఎస్‌లకు 115, 230 అని రాసిన ఎర్రటి మీట కూడా ఉంటుంది. ఇది చాలా ముఖ్యం: అది 115 వైపు జరిగి ఉండగా మన 230 వోల్టుల కరెంటు ఇస్తే ఎస్‌ఎంపీఎస్ టప్పున పేలిపోతుంది. ప్లగ్ పెట్టకముందే చూసుకోవాలి. తర్వాత మదర్‌బోర్డు అంచున ఉండే 24 పిన్నుల వెడల్పాటి కనెక్టర్‌ను పక్కనున్న కొక్కెం పడేదాకా నొక్కండి.

అయినా ఉలకకపోతే పవర్ బటన్ నుంచి వచ్చే సన్న వైర్ల జత చూడాలి. బోర్డు కింది అంచున రెండు వరసల్లో తొమ్మిది పిన్నులుంటాయి. చాలా బోర్డుల్లో వాటిలో 6, 8 నంబర్లు పవర్ బటన్‌వి. ఆ ప్లగ్ గోరంత కూడా ఉండదు, బ్రష్ తగిలితే చాలు ఊడొస్తుంది. ఆ చిన్న ప్లగ్ తీసి, బోర్డు మీద రాసిన గుర్తులు సరిచూసుకుని, ఆ రెండు పిన్నులను మాత్రమే స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలపండి. మిషన్ లేచిందంటే బోర్డు బాగుంది, బటనో దాని వైరో పాడైంది.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది అంటే దారి వేరు. గ్రాఫిక్స్ కార్డు ఉన్న మిషన్ అయితే మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టారో లేదో చూడండి, తొందరలో బోర్డుకు పెట్టేస్తుంటారు. ఆ తర్వాత ర్యామ్. ప్లగ్ పీకేసి, పవర్ బటన్‌ను 15 సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుమును ఓసారి తాకి, ర్యామ్‌ను అంచులు పట్టుకుని తీయండి. బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొడి బోర్డు మీద పడకుండా దులపండి. గాటు కలిసేలా పెట్టి, రెండు చివరలా క్లిక్‌మనేదాకా నొక్కాలి. రెండు వైపులా కొక్కేలున్న బోర్డుల్లో ఒకవైపే క్లిక్‌మంటే సరిగ్గా కూర్చోనట్టే. రెండు ర్యామ్‌లుంటే ఒక్కోదాన్నీ విడిగా పెట్టి చూడండి. ఆగి ఆగి పొడుగ్గా బీప్ వస్తుంటే చాలా బోర్డుల్లో ర్యామ్ తప్పనే అర్థం. ఇప్పటి మిషన్లలో చాలావాటికి ఆ చిన్న స్పీకరే ఉండదు కాబట్టి, బీప్ రాలేదని ర్యామ్‌ను వదిలేయొద్దు.

అందరూ మరిచిపోయేది ప్రాసెసర్ (కంప్యూటర్ మెదడు లాంటి చిప్) పక్కనుండే 4 లేదా 8 పిన్నుల కనెక్టర్. 24 పిన్నులది సరిగ్గా ఉండి ఇది ఊడితే ఫ్యాన్లన్నీ తిరుగుతాయి, తెర మాత్రం రాదు. బోర్డు పోయిందనిపించేది అచ్చం ఇలాగే.

ఆన్ అయిన కొద్ది సెకన్లకే ఆగిపోతుంటే ప్రాసెసర్ మీద ఉండి దాన్ని చల్లబరిచే కూలర్‌ను అనుమానించండి. ఇంటెల్ కూలర్ నాలుగు కాళ్లలో ఒకటి లేచినా వేడి దిగదు. కూలర్ ఊడదీసి ఉంటే దానికీ ప్రాసెసర్‌కూ మధ్య వేడి దిగడానికి పూసే పాత పేస్టు పూర్తిగా తుడిచి, కందిగింజంత కొత్తది పెట్టాలి. ఏఎండీ కంపెనీ ఏఎం4 రకం సాకెట్ ఉన్న మిషన్లలో కూలర్‌ను ఒక్కసారిగా పైకి లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడొచ్చి పిన్నులు వంగే ప్రమాదం ఉంది. మిషన్‌ను పది నిమిషాలు నడిపి, ఆపి, ప్లగ్ తీసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి అప్పుడు తీయాలి.

తడిగుడ్డ, అద్దాలు తుడిచే స్ప్రే, శానిటైజర్ వాడి ఉంటే స్విచ్ వేయనే వేయొద్దు. శానిటైజర్‌లో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి. ప్లగ్ తీసి, క్యాబినెట్ పక్క తలుపు తెరిచి, కనీసం ఒక రోజంతా ఫ్యాను గాలికి ఆరనివ్వండి. మరక తుడవాలంటే 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్కటే పనికొస్తుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో ఆపి పట్టుకోండి. గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ చెడుతుంది. ఎస్‌ఎంపీఎస్ మూత మాత్రం ఎవరూ విప్పొద్దు. ప్లగ్ తీశాక కూడా కొంతసేపు దాని కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా కూడా నిలిచి ఉండవచ్చు, ప్రాణం మీదికి వస్తుంది.

పూజ చేసేవారికో విన్నపం. బొట్టు పక్క తలుపు మీద పెట్టండి. గాలి రంధ్రాల దగ్గర కుంకుమ చల్లితే ఆ పొడిని ఫ్యానే లోపలికి లాక్కుంటుంది. పసుపు నీళ్లు, కొబ్బరి నీళ్లు దగ్గరికి రానివ్వకండి.

బడుల ప్రధానోపాధ్యాయులు, ఆఫీసుల వారు తలుపు విప్పగానే ముందు ఫోన్‌తో లోపలి వైర్ల ఫొటో తీయించాలి. ఇవన్నీ చూశాక కూడా కదలకపోతే షాపుకు ఇవ్వండి, అయితే మీ ఫైళ్లుండే హార్డ్ డిస్క్ తీసుకుని మీ దగ్గరే ఉంచుకోండి. బోర్డు పోయిందంటే, పనిచేస్తున్న వేరే ఎస్‌ఎంపీఎస్, ర్యామ్ పెట్టి మీ కళ్లముందే పరీక్షించమనండి. మార్చిన పాత బోర్డును అడిగి తెచ్చుకోండి.

- ఓ కంప్యూటర్ టెక్నీషియన్, ఖమ్మం