మంత్రి గారూ, ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని ఎవరూ అడగలేదు

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా మేనల్లుడికి మూడేళ్లు. వాడికొచ్చింది టీబీ మెనింజైటిస్, అంటే క్షయ క్రిమి మెదడు పొరలకు పాకి వచ్చే వాపు. టీబీ వచ్చినవాళ్లలో నూటికి ఒకరికి అటూఇటూగా వస్తుందట, అరుదే, కానీ పసిపిల్లల్నే ఎక్కువగా పట్టుకుంటుంది. ఒక్క రాత్రిలో పడగొట్టే రకం కాదిది. రెండు వారాలు సన్న జ్వరం, పొద్దున్నే వాంతి, ఊరికే చిరాకు. ఆర్‌ఎంపీ టైఫాయిడ్ అన్నాడు, మా అమ్మ దిష్టి అంది. ఓ సాయంత్రం వాడు పళ్లెంలో జంతిక తీసుకోబోయి పక్కన నేలని తడుముతున్నాడు, చూస్తే ఒక కన్ను ముక్కు వైపు తిరిగిపోయి ఉంది! అప్పుడు పరిగెత్తాం. మెదడులో నీరు చేరిందన్నారు. పరీక్ష కోసం వెన్నులోంచి నీరు తీయాలని డాక్టర్లంటే, కాళ్లు పడిపోతాయని భయపడి మావాళ్లు ఒక పూటంతా ఒప్పుకోలేదు.

పుట్టగానే బీసీజీ వేయించాం, భుజం మీద మచ్చ కూడా ఉంది. ఆ టీకా ఈ జబ్బు నుంచి చాలామంది పిల్లల్ని కాపాడుతుంది గానీ అందర్నీ కాదని అప్పుడే తెలిసింది.

అసలు సంగతేంటంటే, అంతకు నాలుగు నెలల ముందే మా నాన్నకు ఊపిరితిత్తుల టీబీ తేలింది. మందులు ఉచితంగా ఇచ్చారు, తిండికి నెలకు వెయ్యి రూపాయలు ఖాతాలో పడ్డాయి, అందుకు దండం. కానీ తాత పక్కలోనే పడుకునే పిల్లాడు ఒకడున్నాడని ఎవరూ పట్టించుకోలేదు. ఇంట్లో టీబీ ఉంటే ఐదేళ్లలోపు పిల్లల్ని పరీక్షించి, జబ్బు లేకపోతే ముందుజాగ్రత్తగా ఐసోనియాజిడ్ బిళ్లలు ఆరు నెలలు ఇవ్వాలని మీ నిబంధనల్లోనే ఉంది కదా? 1952 నుంచి వాడుతున్న చవక మందు. అది అందక, ఇప్పుడు వాడికి తలలోంచి పొట్టలోకి పైపు, ఏడాది పాటు మందులు.

ఆశా కార్యకర్త మీద కోప్పడమనడం లేదు, ఆమెకి ఇప్పటికే తల తిప్పుకోలేనంత పని. టీబీ మందుల మొదటి విడత చేతికిచ్చే రోజే ఆ ఇంటి పిల్లల్ని పిలిపించి, పరీక్షించి, బరువు తూచి, వాళ్ల బిళ్లలు కూడా అదే సంచిలో పెట్టి పంపమని ఆర్డర్ వేయండి. ఎంతమంది పెద్దలకు టీబీ తేలింది, ఆ ఇళ్లలో ఎంతమంది పిల్లలకు బిళ్లలు అందాయి, ఈ రెండు అంకెలూ మండలాల వారీగా నెలనెలా బయటపెట్టండి.

మా ఇంట్లో ఇంకో పాప ఉంది, పద్నాలుగు నెలలు. వీడికి ఇంత జరిగాక కూడా, దానికి బిళ్లలు ఇచ్చింది మేం మూడోసారి వెళ్లి అడిగితేనే.

ఇట్లు,
ఒక మేనమామ